బుల్లెట్ నేరుగా వెళ్తుందనుకుంటున్నారా..? వేట రైఫిల్ గురి వెనుక అసలు లెక్క ఇదీ!

అర కిలోమీటరు దూరంలో జింక. కొండ మీద బోర్లా పడుకున్న వేటగాడు. స్కోప్‌లో గీతలు కదులుతుంటాయి, ఫోన్‌లో యాప్ ఏవో అంకెలు చూపిస్తుంటుంది. ఒక్క షాట్.. జింక కూలిపోతుంది. అమెరికాలోని టెక్సస్, మోంటానా లాంటి రాష్ట్రాల నుంచి ఇలాంటి వేట వీడియోలు యూట్యూబ్‌లో, రీల్స్‌లో కుప్పలు తెప్పలుగా వస్తున్నాయి. కింద కామెంట్లు చూస్తే చాలామందిది ఒకటే మాట. "స్కోప్‌లో ప్లస్ గుర్తు పెట్టి కొడితే తగలక ఏం చేస్తుంది?"

తగలదు! ప్లస్ గుర్తు సరిగ్గా గుండె మీద పెట్టి 500 మీటర్ల నుంచి కాలిస్తే బుల్లెట్ దాదాపు 2 మీటర్లు కిందికి పోతుంది. అంటే జింక కాళ్ల ముందు మట్టి లేస్తుంది, అంతే. ఈ కిందికి జారడాన్నే 'బుల్లెట్ డ్రాప్' అంటారు. దీన్ని ముందే అంచనా వేసి, ఆ మేరకు గురి పైకి జరపాలి. ఆ అంచనా ఎలా వేస్తారు? ఎక్కడ తప్పుతుంది? తప్పితే ఏమవుతుంది? వీడియోల్లో కనిపించని భాగం ఇదే.

తుపాకీ వదిలిన క్షణం నుంచే పతనం

బుల్లెట్ గొట్టం దాటిన మరుక్షణం నుంచే భూమి దాన్ని కిందికి లాగడం మొదలవుతుంది. వేగం ఎంతున్నా భూమ్యాకర్షణకు మినహాయింపు లేదు. నేలకు సమాంతరంగా పెట్టిన రైఫిల్ నుంచి ఒక బుల్లెట్ కాల్చి, అదే క్షణంలో అదే ఎత్తు నుంచి ఇంకో బుల్లెట్‌ను చేత్తో వదిలేస్తే.. రెండూ దాదాపు ఒకేసారి నేలను తాకుతాయి. ఒకటి మీ కాళ్ల దగ్గర, రెండోది 350 మీటర్లు దాటాక. ఛాతీ ఎత్తు నుంచి నేల మీద పడటానికి అర సెకను పైచిలుకు పడుతుంది. ఆ అర సెకనులోనే రైఫిల్ బుల్లెట్ అంత దూరం పరుగెత్తేస్తుంది, తేడా అంతే.

మరి దగ్గరి దూరాల్లో గురి పెట్టినచోటే ఎలా తగులుతోంది? క్రికెట్‌లో బౌండరీ లైన్ దగ్గరి ఫీల్డర్‌ను చూడండి. కీపర్ గ్లవ్స్‌లో బంతి పడాలంటే గ్లవ్స్‌కేసి విసరడు, కాస్త పైకి విసురుతాడు. రైఫిల్ కూడా అదే చేస్తుంది. స్కోప్ చూపు గీత తిన్నగా ఉంటుంది కానీ, దాని కిందున్న గొట్టం రవ్వంత పైకి చూస్తుంటుంది. బుల్లెట్ ఆ చూపు గీతకు కింద బయల్దేరి, పైకి వచ్చి, ఒకచోట గీతను కలుస్తుంది. ఆ కలిసే దూరాన్ని వేటగాళ్లు ముందే సరిచేసి పెట్టుకుంటారు. దాన్నే 'జీరో' చేయడం అంటారు. 100 మీటర్లకు జీరో చేసిన రైఫిల్ అంటే 100 మీటర్ల దగ్గర ప్లస్ గుర్తు, బుల్లెట్ ఒకేచోట ఉంటాయన్నమాట. 'బుల్లెట్ పైకి లేస్తుంది' అని కొందరు చెప్పే కథకు మూలం కూడా ఇదే. బుల్లెట్‌కు రెక్కలేం ఉండవు, గొట్టమే పైకి చూస్తోంది.

దూరం రెట్టింపైతే డ్రాప్ రెట్టింపు కాదు

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. ఒక ఉదాహరణ తీసుకుందాం. అమెరికాలో 1952 నుంచి మార్కెట్లో ఉన్న .308 విన్‌చెస్టర్ తూటా జింకల వేటలో బాగా వాడుకలో ఉంది. అందులో 168 గ్రెయిన్ల బుల్లెట్, అంటే దాదాపు 11 గ్రాములది, సెకనుకు 800 మీటర్ల పైచిలుకు వేగంతో గొట్టం దాటుతుంది. 100 మీటర్లకు జీరో చేసిన రైఫిల్‌తో కాలిస్తే 200 మీటర్ల దగ్గర సుమారు 13 సెంటీమీటర్లు కిందికి దిగుతుంది. 300 దగ్గర 48 సెంటీమీటర్లు. 400 దగ్గర మీటరు దాటి 108. 500 మీటర్లకు వచ్చేసరికి 195 సెంటీమీటర్లు, అంటే ఆరడుగుల మనిషి ఎత్తు కంటే ఎక్కువ. బుల్లెట్ రకాన్ని, గొట్టం పొడవును, వాతావరణాన్ని బట్టి ఈ అంకెలు అటూఇటూ అవుతాయి. వరస మాత్రం ఇలాగే ఉంటుంది.

100 నుంచి 200 మీటర్ల మధ్య 13 సెంటీమీటర్లే జారిన బుల్లెట్, 400 నుంచి 500 మీటర్ల మధ్య 87 సెంటీమీటర్లు జారింది. అదీ అదే వంద మీటర్లే, ఇదీ అదే వంద మీటర్లే! కారణాలు రెండు. మొదటిది, పడే వస్తువు సమయం గడిచేకొద్దీ ఇంకా వేగంగా పడుతుంది. స్కూల్లో చదువుకున్న సూత్రమే.. సగం జీ, టీ స్క్వేర్. రెండోది గాలి. గాలిని చీల్చుకుంటూ పోయే బుల్లెట్ వేగం తగ్గుతూ ఉంటుంది. మన ఉదాహరణలో మొదటి 100 మీటర్లు దాటడానికి సెకనులో ఎనిమిదో వంతు చాలు. 400 నుంచి 500 మధ్య వంద మీటర్లకు సెకనులో అయిదో వంతుకు దగ్గరగా పడుతుంది. ఎక్కువసేపు గాల్లో ఉంటే ఎక్కువ పడుతుంది మరి.

గాలి నిరోధం ఇంత ప్రభావం చూపిస్తుందని మొదట్లో ఎవరూ అనుకోలేదు. విసిరిన వస్తువు పరవలయం గీస్తుందని 1638లో గెలీలియో పుస్తకం రాశాడు కానీ, ఆ లెక్కలో గాలి లేదు. బుల్లెట్ వేగాన్ని నిజంగా కొలిచే పద్ధతి 1742లో ఇంగ్లండ్‌కు చెందిన బెంజమిన్ రాబిన్స్ ప్రకటించాడు. వేలాడదీసిన బరువైన దిమ్మలోకి బుల్లెట్ కాల్చి, ఆ దిమ్మ ఎంత ఊగిందో చూసి వేగం లెక్కకట్టాడు. గాలి నిరోధం అనుకున్నదానికంటే చాలా ఎక్కువని అప్పుడే తేలింది. చిత్రం ఏంటంటే.. ఈ రాబిన్స్ తర్వాత ఈస్టిండియా కంపెనీ కోటలు బాగుచేసే ఇంజినీర్‌గా మన దక్షిణాదికే వచ్చాడు. 1751లో కడలూరు దగ్గరి సెయింట్ డేవిడ్ కోటలోనే చనిపోయాడు. ఇవాళ ఫోన్‌లో నొక్కే బాలిస్టిక్ యాప్ మూలాలు వెతుక్కుంటూ వెళ్తే ఆయన దగ్గరికే చేరతాం.

యాప్ అడిగే నాలుగు విషయాలు

యాప్ దానికదే ఏమీ కనిపెట్టదు. మీరిచ్చిన అంకెలతో లెక్క చేసి పెడుతుంది. ముఖ్యంగా నాలుగు అడుగుతుంది. బుల్లెట్ గొట్టం దాటేటప్పటి వేగం, గాలిని చీల్చే సామర్థ్యాన్ని చెప్పే 'బాలిస్టిక్ కోఎఫిషియెంట్', గొట్టం మధ్య నుంచి స్కోప్ మధ్యకు ఉన్న ఎత్తు, జీరో దూరం. ఆ తర్వాత ఉష్ణోగ్రత, గాలి పీడనం.

వీటిలో ఎక్కువగా మోసం చేసేది వేగం. తూటాల డబ్బా మీద ముద్రించిన వేగం కంపెనీ తన టెస్ట్ గొట్టంతో కొలిచింది. మీ రైఫిల్ గొట్టం అంతకంటే పొట్టిగా ఉంటే వేగం తగ్గుతుంది. గడ్డకట్టే చలిలో మందు కాస్త నెమ్మదిగా మండినా తగ్గుతుంది. సెకనుకు 15 మీటర్లు తక్కువైతే 500 మీటర్ల దగ్గర తేడా 8 నుంచి 10 సెంటీమీటర్లు. అందుకే పద్ధతిగా చేసేవాళ్లు క్రోనోగ్రాఫ్ అనే పరికరంతో సొంత రైఫిల్ వేగం కొలుచుకుంటారు. అక్కడితో ఆగకుండా రేంజ్‌కి వెళ్లి 200, 300, 400 మీటర్ల దగ్గర నిజంగా కాల్చి చూస్తారు. యాప్ అంకె ఒకటి, టార్గెట్ మీద రంధ్రం ఇంకోచోట ఉంటే.. నమ్మాల్సింది రంధ్రాన్నే. అలా వచ్చిన అంకెలను చిన్న కార్డు మీద రాసి రైఫిల్ కర్రకు అతికించుకునే అలవాటు ఇప్పటికీ ఉంది. బ్యాటరీ అయిపోయినా కార్డు పనిచేస్తుంది కదా.

ఇక స్కోప్‌లో 'మిల్' అనే మాట వినపడుతుంటుంది. పెద్ద బ్రహ్మపదార్థం ఏం కాదు. 100 మీటర్ల దగ్గర 10 సెంటీమీటర్లు అంటే ఒక మిల్. 400 మీటర్ల దగ్గర ఒక మిల్ అంటే 40 సెంటీమీటర్లు. మన ఉదాహరణలో 400 మీటర్లకు డ్రాప్ 108 సెంటీమీటర్లు, అంటే 2.7 మిల్స్. స్కోప్ మీది గుండ్రటి బిరడాను అంత మేర తిప్పితే గురి సరిపోతుంది, లేదా లోపలి గీతల్లో అన్ని గీతలు కింద పట్టుకుని కాల్చాలి. అమెరికాలో ఎక్కువమంది వాడే 'ఎంఓఏ' ఇదే పనికి ఇంకో కొలత. 100 మీటర్లకు అది 2.9 సెంటీమీటర్లు.

అసలు గండం దూరం దగ్గరే

ఇన్ని అంకెల్లో ఏది తప్పితే ఎక్కువ నష్టం? దూరం. జింక గుండె, ఊపిరితిత్తులు ఉండే భాగం సుమారు 20 నుంచి 25 సెంటీమీటర్ల వెడల్పుంటుంది. మధ్యలో గురి పెడితే పైకైనా, కిందికైనా మనకున్న వెసులుబాటు పది పన్నెండు సెంటీమీటర్లే. ఇప్పుడు దూరాన్ని 25 మీటర్లు తక్కువగా అంచనా వేశామనుకుందాం. 200 మీటర్లని లెక్కేసి 225 దగ్గరున్న జింకను కాలిస్తే బుల్లెట్ 5, 6 సెంటీమీటర్లు కింద తగులుతుంది. ఫర్వాలేదు, పని అయిపోతుంది. అదే 25 మీటర్ల తప్పు 400 దగ్గర జరిగితే 13 సెంటీమీటర్లు కింద. 500 దగ్గరైతే 17. అంటే ఊపిరితిత్తులు తప్పి కాలో, రొమ్ము కింది కండో చీలుతుంది. జింక పడదు. పరుగెత్తుతుంది. కొన్ని గంటలు, ఒక్కోసారి రోజులు నరకం చూసి ఎక్కడో పొదల్లో చచ్చిపోతుంది. వీడియోల్లో ఈ షాట్లు ఎడిట్‌లో పోతాయి.

లేజర్ రేంజ్‌ఫైండర్ ఉంది కదా అంటారా? ఉంది. మంచిదైతే మీటరు తేడాతో చెప్పేస్తుంది. కానీ లేజర్‌కు జింక తెలియదు, మొదట తగిలిన వస్తువు తెలుసు. ముందున్న గడ్డి పోచకు తగిలితే తక్కువ దూరం, పక్కనుంచి దూసుకుపోయి వెనకున్న గుట్టకు తగిలితే ఎక్కువ దూరం చూపిస్తుంది. అందుకే ఒకటికి మూడుసార్లు కొలవడం, జింక పక్కనున్న చెట్టునో బండనో కూడా కొలిచి చూసుకోవడం అనుభవం ఉన్నవాళ్ల అలవాటు.

ఆ పరికరం లేకపోతే స్కోప్ గీతలతోనే దూరం కట్టే పాత పద్ధతి ఉంది. వస్తువు ఎత్తును మీటర్లలో తీసుకుని 1000తో గుణించి, అది స్కోప్‌లో ఎన్ని మిల్స్ కనపడిందో దాంతో భాగించాలి. జింక వీపు నుంచి రొమ్ము దాకా 45 సెంటీమీటర్లు అనుకుని, అది 1.5 మిల్స్ కనపడితే దూరం 300 మీటర్లు. లెక్క బాగానే ఉంది కానీ, 'అనుకుని' అన్నచోటే అంతా ఉంది. ఒకే తెల్లతోక జింక ఉత్తరాది రాష్ట్రాల్లో భారీగా, టెక్సస్ కొండ ప్రాంతంలో చిన్నగా ఉంటుంది. అది నిజానికి 38 సెంటీమీటర్ల జింకే అయితే అసలు దూరం 253 మీటర్లు. 47 మీటర్లు తప్పాం! బుల్లెట్ దాదాపు 10 సెంటీమీటర్లు పైన తగులుతుంది. ఇదే పొరపాటు 400 మీటర్ల అంచనాలో జరిగితే బుల్లెట్ వీపు మీదుగా పోతుంది.

కొండ ఎక్కితే లెక్క మారుతుంది

లోయలో ఉన్న జింకను పైనుంచి కాల్చేటప్పుడు ఎక్కువమంది చేసే తప్పు, కొలిచిన దూరానికే గురి సరిచేయడం. భూమ్యాకర్షణ బుల్లెట్‌ను నిలువుగా లాగుతుంది కాబట్టి ముఖ్యమైనది అడ్డంగా ఉన్న దూరం. 30 డిగ్రీల వాలులో లేజర్ 400 మీటర్లు చూపిస్తే డ్రాప్ లెక్కకు 346 మీటర్లే తీసుకోవాలి. తీసుకోకపోతే బుల్లెట్ పైన తగులుతుంది. విడ్డూరంగా అనిపిస్తుంది కానీ, పైకి కాల్చినా కిందికి కాల్చినా తప్పేది ఒకే వైపు.. పైకి! ఇప్పుడొస్తున్న చాలా రేంజ్‌ఫైండర్లు ఈ వాలును అవే కలుపుకుని చెబుతున్నాయి. ఎత్తయిన ప్రాంతంలో గాలి పలచగా ఉంటుంది కాబట్టి డ్రాప్ కాస్త తగ్గుతుంది. 300 మీటర్ల లోపు దీన్ని పట్టించుకోనక్కర్లేదు.

పక్కగాలి వేరే తలనొప్పి. గంటకు 16 కిలోమీటర్ల వేగంతో అడ్డంగా వీచే గాలి, చొక్కా రెపరెపలాడేంత మామూలు గాలే, మన ఉదాహరణ బుల్లెట్‌ను 400 మీటర్ల దగ్గర దాదాపు 40 సెంటీమీటర్లు పక్కకు నెడుతుంది. డ్రాప్‌ను కార్డు చూసి చెప్పొచ్చు. జింక దగ్గర గాలి ఎలా ఉందో, మధ్యలోని లోయలో ఎలా ఉందో ఏ కార్డూ చెప్పదు. ఇంకో మాట. 500 మీటర్లకు బుల్లెట్ చేరడానికి ముప్పావు సెకను పడుతుంది. మేస్తున్న జింక ఆ లోపు ఒక్క అడుగు వేసినా గుండె ఉన్నచోట కడుపు ఉంటుంది. దీనికి లెక్క లేదు.

'పాయింట్ బ్లాంక్' అంటే దగ్గర్నుంచి కాల్చడమేనా?

మన వార్తల్లో 'పాయింట్ బ్లాంక్ రేంజ్‌లో కాల్చాడు' అంటే తుపాకీ ఆనించి కాల్చినట్టే లెక్క. వేటగాళ్ల భాషలో అర్థం వేరు. గురి పైకీ కిందికీ జరపకుండా నేరుగా గుండె మీద పెట్టి కాల్చినా పని అయ్యే గరిష్ఠ దూరాన్ని పాయింట్ బ్లాంక్ రేంజ్ అంటారు. రైఫిల్‌ను 100కి బదులు సుమారు 180 మీటర్లకు జీరో చేస్తే బుల్లెట్ 90 మీటర్ల దగ్గర చూపు గీతకు 5 సెంటీమీటర్లు పైన, 225 మీటర్ల ప్రాంతంలో 9 సెంటీమీటర్లు కింద ఉంటుంది. అంటే అక్కడిదాకా ఏ యాప్ అవసరం లేదు, ఏ బిరడా తిప్పక్కర్లేదు. అడవిలో జింకల వేటకు ఇదే సరైన పద్ధతని మాకనిపిస్తోంది. చూడటానికి థ్రిల్ ఉండదు కాబట్టి వీడియోలు రావు.

థియొడోర్ రూజ్‌వెల్ట్ 1887లో స్థాపించిన బూన్ అండ్ క్రాకెట్ క్లబ్ కూడా చాలా దూరం నుంచి జంతువులను కాల్చడాన్ని సమర్థించడం లేదు. జంతువుకు ప్రమాదం పసిగట్టే అవకాశమే లేకుండా చేయడం న్యాయమైన వేట కాదన్నది ఆ క్లబ్ వాదన.

తప్పిన బుల్లెట్ ఎక్కడికి పోతుంది?

బుల్లెట్ కిందికి పడుతుంది కదా, తప్పితే అక్కడే నేలలో దిగిపోతుందిలే అనుకుంటే పొరపాటు. ఎత్తుగా వెళ్లిన .30-06 బుల్లెట్ 5 కిలోమీటర్ల దాకా వెళ్లగలదు. చిన్నదిగా కనిపించే .22 తూటా కూడా 2 కిలోమీటర్లు దాటుతుంది. అందుకే జింక వెనుక మట్టి గుట్ట ఉంటేనే కాల్చాలి, ఆకాశం కనిపిస్తుంటే కాల్చకూడదు అని అమెరికా హంటర్ ఎడ్యుకేషన్ కోర్సుల్లో మొదటి రోజే చెబుతారు. టెక్సస్‌లో 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవారు వేటాడాలంటే ఈ కోర్సు తప్పనిసరి. అనుమతి లేకుండా బుల్లెట్ పక్కవారి స్థలం హద్దు దాటినా అక్కడ నేరమే.

అక్కడున్న తెలుగువాళ్లకు ఇంకో ముఖ్య విషయం. హెచ్‌1బీ, ఎఫ్‌1 లాంటి వీసాలపై ఉన్నవారు తుపాకీ గానీ తూటాలు గానీ కలిగి ఉండటం ఫెడరల్ చట్టం ప్రకారం సాధారణంగా నిషేధం. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉండటం దీనికున్న మినహాయింపుల్లో ఒకటి. ఫ్రెండ్ పిలిచాడు కదా అని రాంచ్‌కు వెళ్లి సరదాగా రైఫిల్ పట్టుకునే ముందు ఇది చూసుకోవాలి.

మన దేశంలో ఈ లెక్కలన్నీ షూటింగ్ రేంజ్ వరకే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నిషేధం. మనుషుల ప్రాణాలకో, పంటలకో ముప్పుగా మారిన జంతువుల విషయంలో మాత్రం సెక్షన్ 11 కింద అటవీ అధికారుల రాతపూర్వక అనుమతి ఉండాలి. హైదరాబాద్ షూటర్ గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో. అక్కడ దూరం ఎప్పుడూ మారదు, కాబట్టి డ్రాప్ అంచనా సమస్యే రాదు. అడవిలో ప్రతి షాట్‌కూ దూరం మారుతుంది.

మరి ఎంత దూరం వరకు కాల్చొచ్చు? దీనికి వేటగాళ్లు చెప్పే పరీక్ష ఒకటుంది. 20 సెంటీమీటర్ల పేపర్ ప్లేటు.. మన ఫంక్షన్లలో టిఫిన్ పెట్టే సైజుది.. టార్గెట్‌గా పెట్టాలి. బెంచి మీద కాదు, అడవిలో ఎలా కూర్చుంటారో, ఎలా ఆనుకుంటారో అలాగే కాల్చాలి. అదీ కాస్త పరుగెత్తి, ఆయాసం తగ్గకముందే. దూరం పెంచుకుంటూ పోవాలి. లెక్కలోకి వచ్చేది మొదటి బుల్లెట్ మాత్రమే, రెండోసారి సరిచేసుకుని కొట్టింది కాదు. మొదటి బుల్లెట్ ప్లేటు తప్పిన దూరం దగ్గర ఆగి, అక్కడి నుంచి ఓ యాభై మీటర్లు వెనక్కి రావాలి. చాలామందికి ఆ అంకె 250 మీటర్ల లోపే తేలుతుంది.